క్యాజువాలిటీకి వెళ్లాల్సి వస్తే: గేటు నుంచి వార్డు దాకా ఏం జరుగుతుంది, మీరేం చేయాలి

ఆసుపత్రిలో ఓపీకి వెళితే టోకెన్ తీసుకుని కూర్చుంటాం, మన నంబరు వచ్చినప్పుడు లోపలికి వెళతాం. అత్యవసర కేసులు చూసే క్యాజువాలిటీలో ఆ లెక్క పనిచేయదు. ఎవరి ప్రాణానికి ముప్పు ఎక్కువగా ఉంటే వాళ్లని ముందు చూస్తారు. మనం గంట ముందు వచ్చినా, ఇప్పుడే స్ట్రెచర్ మీద వచ్చిన మనిషిని మనకంటే ముందు లోపలికి తీసుకెళతారు. ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్లే అక్కడ సగం గొడవలు జరుగుతాయి. "మమ్మల్ని ఎవరూ పట్టించుకోవట్లేదు" అనే బాధ నిజమైనదే. కానీ ఆ గదిలో ఏ పని ఎందుకు ముందు జరుగుతుందో తెలిస్తే, మన మనిషికి త్వరగా వైద్యం అందేలా చేయగలిగింది చాలా ఉందని అర్థమవుతుంది.

ఇది రోగిని తీసుకెళ్లే ఇంటివాళ్ల కోసం రాస్తున్నాను. తెలుగు రాష్ట్రాల్లోని ప్రభుత్వ పెద్దాసుపత్రులు, ప్రైవేటు ఆసుపత్రులు రెండింటినీ దృష్టిలో పెట్టుకున్నాను.

1. ఇంటి దగ్గర: బయల్దేరే ముందు

ఛాతీలో బరువు, నొప్పి, దాంతో పాటు చెమటలు. మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యో కాలో పడిపోవడం. ఊపిరి ఆడకపోవడం. స్పృహ తప్పడం. ఆగని రక్తం. పాము కాటు. పురుగుమందు తాగడం. ఐదు నిమిషాలు దాటినా ఆగని ఫిట్స్. గర్భిణికి రక్తస్రావం. వీటిలో ఏది జరిగినా తెల్లారేదాకా ఆగకూడదు, ఆర్ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుని చూద్దామనుకోకూడదు.

108కి ఫోన్ చేయండి. 112కి చేసినా సాయం అందుతుంది. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సులో ఆక్సిజన్, ప్రథమ చికిత్స తెలిసిన ఈఎంటీ ఉంటారు. ఫోన్‌లో ముందు ఊరు, వీధి, దగ్గర్లోని గుడి, బడి లాంటి గుర్తు చెప్పండి. తర్వాత మనిషి పరిస్థితి చెప్పండి. కంగారులో చాలామంది జబ్బు గురించి చెప్పి, అడ్రస్ చెప్పకుండానే ఫోన్ పెట్టేస్తారు. ఛాతీ నొప్పి ఉన్న మనిషిని బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లకండి. దారిలో గుండె ఆగితే బైక్ మీద చేయగలిగింది ఏమీ ఉండదు.

ఏ ఆసుపత్రికి వెళ్లాలన్నది కూడా ముఖ్యమే. హైదరాబాద్‌లో చిన్నపిల్లలకి నిలోఫర్, కాన్పులకి పేట్లబురుజు, కోఠి మెటర్నిటీ ఆసుపత్రులు, పెద్దలకి గాంధీ, ఉస్మానియా. విశాఖలో కేజీహెచ్, వరంగల్‌లో ఎంజీఎం, తిరుపతిలో రుయా, గుంటూరు, కర్నూలు, కాకినాడల్లో జీజీహెచ్. పెద్దాసుపత్రి దూరంగా ఉంటే ముందు దగ్గర్లోని ఏరియా ఆసుపత్రికే వెళ్లండి. పాము కాటుకి మొదటి ఇంజెక్షన్ అక్కడ పడ్డాక జిల్లా కేంద్రానికి వెళ్లడం వేరు, ఏ మందూ పడకుండా రెండు గంటలు ప్రయాణం చేయడం వేరు.

చేతికి అందేవి ఒక సంచిలో వేసుకోండి: రోజూ వాడే మాత్రల స్ట్రిప్పులు, పాత రిపోర్టులు, పాత డిశ్చార్జి కాగితం, ఆధార్, రేషన్ కార్డు, ఇన్సూరెన్స్ కార్డు, ఫోన్ ఛార్జర్, కొంత నగదు, ఒక దుప్పటి. స్ట్రిప్పులు మర్చిపోవద్దు. "బీపీకి తెల్ల మాత్ర" అంటే డాక్టరుకి ఏమీ అర్థం కాదు. రక్తం పలచబడే మందు వాడుతున్న మనిషి తలకి దెబ్బ తగిలించుకుని వస్తే, ఆ ఒక్క స్ట్రిప్పు చూసి చికిత్స దారే మారవచ్చు. నగలు ఇంట్లోనే తీసేయండి. మెట్టెలు, గాజులు, ముక్కుపుడక స్కానింగ్ దగ్గర ఎలాగూ తీయమంటారు. ఆ హడావుడిలో అవి పోతుంటాయి.

నోట్లో ఏమీ పోయకండి. టీ, కొబ్బరినీళ్లు, మజ్జిగ ఏదీ వద్దు. మగతలో ఉన్న మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆపరేషన్ అవసరమైతే కడుపు ఖాళీగా ఉండాలి. షుగరు ఉన్న మనిషి చెమటలు పట్టి నీరసంగా ఉండి, స్పృహలోనే ఉంటే మాత్రం పంచదార నీళ్లు ఇవ్వవచ్చు. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ల మధ్య చెంచా పెట్టడం వల్ల ఉపయోగం లేదు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఎంతసేపు వచ్చిందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి.

2. గేటు దగ్గర

పెద్దాసుపత్రుల్లో ఓపీ బ్లాకు వేరు, క్యాజువాలిటీ వేరు. దారి తెలియకపోతే సెక్యూరిటీని అడిగి నేరుగా క్యాజువాలిటీ ముందుకే బండి పోనివ్వండి. స్ట్రెచర్, వీల్‌చెయిర్ తలుపు దగ్గరే ఉంటాయి. ఒక్కోసారి వాటికోసమూ ఆగాల్సి వస్తుంది. వచ్చినవాళ్లలో ఒకరు రోగితో లోపలికి వెళ్లాలి, ఇంకొకరు చీటీ రాయించాలి. ఇద్దరూ కౌంటర్ దగ్గరే నిలబడితే, లోపల డాక్టరు అడిగేదానికి చెప్పేవాళ్లు ఉండరు.

చీటీ లేకుండా చూడరేమోనన్న భయం వద్దు. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ముందు చికిత్స మొదలుపెట్టాలి, కాగితాలు తర్వాత. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా, పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా ప్రాణం కాపాడే ప్రయత్నం చేయాల్సిందే. 1996లో పశ్చిమ బెంగాల్ కేసులో, ప్రభుత్వ ఆసుపత్రి సమయానికి అత్యవసర వైద్యం ఇవ్వకపోతే అది జీవించే హక్కుని కాదనడమేనని చెప్పింది. బెడ్ లేదని చెప్పినా సరే, ప్రథమ చికిత్స చేసి, మనిషిని నిలకడకి తెచ్చి, ఆ తర్వాతే మరో చోటికి పంపాలి. మర్యాదగా, గట్టిగా అడగండి: "ముందు బీపీ, ఆక్సిజన్ చూసి ఫస్ట్ ఎయిడ్ చేయండి సార్, తర్వాత మీరు చెప్పిన చోటికి తీసుకెళతాం."

3. ఎవరు ముందు: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ

లోపలికి వెళ్లగానే నర్సో డ్యూటీ డాక్టరో నాడి, బీపీ, ఊపిరి, ఆక్సిజన్ శాతం, షుగరు, స్పృహ చూస్తారు. దీన్ని ట్రయాజ్ అంటారు. నిమిషాల్లో అయిపోతుంది. దాన్నిబట్టి రోగి ఏ రంగు కిందకి వస్తారో తేలుతుంది. ఎరుపు అంటే వెంటనే చూడకపోతే ప్రాణం పోయే స్థితి. పసుపు అంటే జబ్బు తీవ్రమైనదే గానీ కొంతసేపు ఆగగలిగిన స్థితి. ఆకుపచ్చ అంటే నడిచి వచ్చిన జ్వరం, చిన్న గాయం, బెణుకు. కొన్ని చోట్ల ఈ రంగులు గోడల మీద, మంచాల మీద కనిపిస్తాయి. కొన్ని చోట్ల రంగులేమీ ఉండవు, కానీ పద్ధతి అదే.

ఆకుపచ్చ అయితే రెండు మూడు గంటలు కూర్చోవాల్సి రావచ్చు. అది తట్టుకోవాల్సిందే. కానీ కూర్చోబెట్టాక పరిస్థితి మారితే మాత్రం మౌనంగా ఉండకండి. నొప్పి పెరిగినా, మగత వచ్చినా, ఊపిరి వేగం పెరిగినా, వాంతులు మొదలైనా నర్సు దగ్గరికి వెళ్లి చెప్పండి. "చాలాసేపైంది, ఎప్పుడు చూస్తారు" అని అడిగితే "చూస్తారు, కూర్చోండి" అనే జవాబే వస్తుంది. "వచ్చినప్పుడు మాట్లాడింది, ఇప్పుడు పిలిస్తే పలకట్లేదు" అని చెప్పండి, లేచి వస్తారు. అక్కడ పనిచేసేవాళ్లకి కావాల్సిన సమాచారం ఆ మార్పే. తలకి దెబ్బ తగిలిన మనిషి మొదట బాగా మాట్లాడి తర్వాత మగతలోకి జారుకోవడం తలలో రక్తస్రావానికి గుర్తు కావచ్చు. దాన్ని మొదట కనిపెట్టేది చాలాసార్లు పక్కనున్న ఇంటివాళ్లే.

4. డాక్టరు అడిగినప్పుడు ఏం చెప్పాలి

బోధనాసుపత్రుల్లో మొదట హౌస్ సర్జన్ (ఎంబీబీఎస్ చివర్లో శిక్షణలో ఉన్న డాక్టరు) వస్తారు, తర్వాత పీజీ చదువుతున్న డాక్టరు, ఆ తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసర్. ముగ్గురూ అవే ప్రశ్నలు అడుగుతారు. విసుగొస్తుంది. కానీ రెండోసారి చెప్పేటప్పుడు మొదట మర్చిపోయిన సంగతి గుర్తుకు రావడం మామూలే. అందుకే మళ్లీ చెప్పండి.

ఎప్పుడు మొదలైందో సమయంతో సహా చెప్పండి. పక్షవాతంలో ఈ ఒక్క సమాచారమే చికిత్సని నిర్ణయిస్తుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ఆ నాలుగున్నర గంటలు లెక్కపెట్టేది మనం చూసిన సమయం నుంచి కాదు, మనిషి ఆఖరిసారి మామూలుగా ఉన్న సమయం నుంచి. పొద్దున్నే ఆరింటికి లేపితే చెయ్యి ఆడలేదంటే, "ఆరింటికి వచ్చింది" అనకూడదు. "రాత్రి పదింటికి పడుకునేటప్పుడు బాగున్నారు, ఒంటిగంటకి బాత్రూమ్‌కి లేచి నడిచారు" అని చెప్పాలి. నాలుగున్నర గంటలు దాటినా, పెద్ద రక్తనాళంలో ఇరుక్కున్న గడ్డని తీసే పద్ధతులు కొందరికి పనికొస్తాయి. కాబట్టి ఆలస్యమైందని సమయం మార్చి చెప్పకండి.

తర్వాత పాత జబ్బులు: షుగర్, బీపీ, ఆస్తమా, గుండెకి స్టెంట్, కిడ్నీ జబ్బు, ఫిట్స్. వాడే మందులు. పడని మందులు. ఆడవాళ్లయితే గర్భం ఉందో లేదో, నెలసరి ఎప్పుడు వచ్చిందో. పిల్లలయితే బరువు, ఎందుకంటే వాళ్ల మందు మోతాదంతా బరువుని బట్టే ఉంటుంది.

దాచుకోవాలనిపించే సంగతులే ఎక్కువగా అవసరమవుతాయి. మందు తాగే అలవాటు, గుట్కా, నాటు వైద్యం, ఆకుపసరు, ఆర్ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్, ఇంట్లో గొడవ పడి ఏమైనా మింగి ఉండొచ్చన్న అనుమానం. రోజూ తాగే మనిషి ఆసుపత్రిలో చేరి రెండో రోజు వణుకు, పలవరింతలతో లేచి పారిపోబోతాడు. అలవాటు ముందే చెప్పి ఉంటే దానికి మందు వేసేవాళ్లు. అత్తగారి ముందు చెప్పలేని మాటైతే డాక్టరుని పక్కకి పిలిచి చెప్పండి. మీ మాటని రహస్యంగా ఉంచడం వాళ్ల బాధ్యత.

5. చికిత్స, పరీక్షలు, మధ్యలో ఎదురుచూపులు

చికిత్స, పరీక్షలు ఒకేసారి మొదలవుతాయి. చేతికి క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించే చిన్న గొట్టం) పెడతారు, రక్తం తీస్తారు. సీబీపీ (రక్తకణాల లెక్క), షుగరు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), ఎలక్ట్రోలైట్లు (రక్తంలోని లవణాలు) దాదాపు అందరికీ చేస్తారు. ఛాతీ నొప్పి అయితే వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది అన్ని చోట్లా పాటించాల్సిన పద్ధతి. తీయకపోతే అడగండి. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా కాసేపటికి మళ్లీ తీస్తారు, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేస్తారు. డబ్బు కోసం చేస్తున్నారని అనుకోకండి. గుండెపోటు మొదటి గంటలో పరీక్షకి దొరక్కపోవచ్చు.

గుండెపోటు అని తేలితే రెండు దారులు. సన్నని గొట్టంతో రక్తనాళంలోని అడ్డు తీసే యాంజియోప్లాస్టీ చేసే చోటైతే గంటన్నర లోపు రక్తనాళం తెరవాలని చూస్తారు. అది అందుబాటులో లేని చోట టెనెక్టెప్లేస్ లాంటి ఇంజెక్షన్‌తో గడ్డ కరిగించి, తర్వాత పెద్దాసుపత్రికి పంపుతారు. ఈ ఇంజెక్షన్ బయట కొంటే వేలల్లో ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే కార్యక్రమాలు ఉన్నాయి కాబట్టి, చిన్న ఊరి ఆసుపత్రే కదా అని దాటుకుని పోకుండా ముందు అక్కడ అడగండి.

సీటీ స్కాన్ దగ్గర, ల్యాబ్ దగ్గర ఆలస్యం అవుతుంది. రక్తం శాంపిల్స్ కొన్ని చోట్ల అటెండెంట్ చేతికే ఇచ్చి ల్యాబ్‌లో ఇవ్వమంటారు. ట్యూబు మీద పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకుని తీసుకెళ్లండి. రిపోర్టు వచ్చాక దాన్ని చూడమని డాక్టరుకి చెప్పడం కూడా మీ పనే అనుకోండి.

కాగితాల మీద సంతకాలు అడుగుతారు. ఆపరేషన్, రక్తం ఎక్కించడం, గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టడం, ఒక్కోదానికి ఒక్కో అంగీకార పత్రం. "హై రిస్క్" అని రాసి ఉంటే గుండె జారిపోతుంది. ఆ మాట అర్థం, ప్రమాదం ఉందని మీకు ముందే చెప్పామని. ఏం చేయబోతున్నారు, చేయకపోతే ఏమవుతుంది, ఇంకో దారి ఉందా అని మూడు ప్రశ్నలు అడిగి సంతకం పెట్టండి. చదవడం రాకపోతే తెలుగులో చెప్పమనండి.

6. మన పల్లెల నుంచి ఎక్కువగా వచ్చే రెండు కేసులు

పాము కాటు. కాటు పైన తాడు బిగించడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం ఏదీ చేయకండి. కాలు కదపకుండా ఉంచి, ఉంగరాలు, పట్టీలు తీసేసి తీసుకెళ్లండి. పాముని చంపి తేవాల్సిన పని లేదు. దూరం నుంచి ఫొటో దొరికితే చాలు. మన దగ్గర ప్రాణాలు తీసేవి ముఖ్యంగా నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. నాలుగింటికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. అందుకే ఏ పామో తెలియకపోయినా చికిత్స ఆగదు.

ఆసుపత్రిలో గాజు ట్యూబులో రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కినట్టు. ఈ ఇరవై నిమిషాలు "ఏమీ చేయకుండా కూర్చోబెట్టారు" అనిపిస్తుంది, కానీ అదే అసలు పరీక్ష. కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం నాగుపాము, కట్లపాముల లక్షణాలు. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచి, కళ్లు తెరవలేకపోతే, కాటు గుర్తు కనిపించకపోయినా నేల మీద పడుకున్న సంగతి డాక్టరుకి చెప్పండి. విరుగుడు సాధారణంగా పది వయల్స్‌తో (చిన్న మందు సీసాలు) మొదలుపెడతారు. పిల్లలకి కూడా పెద్దవాళ్లంత మోతాదే ఇస్తారు, ఎందుకంటే పాము చిన్నపిల్లని కరిచినా తక్కువ విషం వదలదు. మందు ఎక్కేటప్పుడు దురద, దద్దుర్లు, చలి వస్తే వెంటనే నర్సుని పిలవండి. విషం ఎక్కిన లక్షణాలు లేకపోయినా ఒక రోజు ఉంచుకుని గమనిస్తారు. ఆ రాత్రి ఇంటికి తీసుకెళతామని పట్టుబట్టకండి.

పురుగుమందు. ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి. బట్టలు మార్చి, ఒంటిని సబ్బుతో కడిగి, తాగిన డబ్బాని మూతతో సహా కవర్లో పెట్టి తీసుకెళ్లండి. డబ్బా మీద ఉన్న మందు పేరే చికిత్సకి ఆధారం. ఆర్గానోఫాస్ఫేట్ మందులైతే అట్రోపిన్ ఇంజెక్షన్ మళ్లీ మళ్లీ ఇస్తారు. దాంతో మొహం ఎర్రబడి, మనిషి పిచ్చిగా మాట్లాడి, గొట్టాలు పీకేయబోతాడు. చేతులు మంచానికి కడతారు. చూడ్డానికి కష్టంగా ఉంటుంది, కానీ అది మందు ప్రభావం. ఇంకో ముఖ్యమైన సంగతి: రెండో రోజో మూడో రోజో మనిషి బాగా కోలుకున్నట్టు కనిపించి, మెడ ఎత్తలేక, ఊపిరి అందక మళ్లీ పడిపోవచ్చు. బాగయ్యాడని ఆ సమయంలో డిశ్చార్జి చేయించుకుపోతే దారిలోనే ప్రాణం పోతుంది.

గడ్డిమందు పారాక్వాట్ సంగతి వేరు. మొదటి రోజు నోట్లో పుండ్లు, వాంతులు తప్ప మనిషి కూర్చుని మాట్లాడుతుంటాడు. తర్వాత కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. దీనికి విరుగుడు లేదు. గుక్కెడే తాగాడు కదా అని ఇంట్లో ఉంచుకోకుండా ఆ నిమిషమే బయల్దేరాలి.

ఆత్మహత్యకి ప్రయత్నించారని తెలిస్తే పోలీసు కేసు అవుతుందన్న భయంతో "పొరపాటున తాగాడు" అని చెప్పేవాళ్లు చాలామంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, వాళ్లని శిక్షించకూడదు. నిజం చెప్పండి. కోలుకున్నాక సైకియాట్రీ డాక్టరుకి చూపించకుండా ఇంటికి తీసుకెళ్లకండి. 14416 టెలీమానస్ నంబరుకి పగలూ రాత్రీ ఎప్పుడైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మనసులో అలాంటి ఆలోచనలున్న ఎవరైనా చేయవచ్చు.

7. ఎంఎల్‌సీ, పోలీసులు

రోడ్డు ప్రమాదం, దెబ్బలాట, కాలిన గాయాలు, విషం, ఇంకా అనుమానం కలిగించే ఏ గాయమైనా ఆసుపత్రి వాళ్లు ఎంఎల్‌సీగా (మెడికో లీగల్ కేసు) రాసుకుని పోలీసులకి సమాచారం పంపుతారు. ఇది వాళ్లు తప్పనిసరిగా చేయాల్సిన పని, మీ మీద అనుమానంతో చేసేది కాదు. పెద్దాసుపత్రుల్లో పోలీసు ఔట్‌పోస్టు అక్కడే ఉంటుంది. కానిస్టేబుల్ వచ్చి వివరాలు రాసుకుంటారు. రోగి మాట్లాడగలిగితేనే వాంగ్మూలం తీసుకుంటారు. ఎఫ్ఐఆర్ తెస్తేనే వైద్యం అనడం చట్టవిరుద్ధం. ఎంఎల్‌సీ నంబరు మాత్రం అడిగి రాసుకోండి, తర్వాత గాయాల సర్టిఫికెట్‌కి, ప్రమాద బీమాకి అదే ఆధారం.

అత్యాచారం, యాసిడ్ దాడి బాధితులకి ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటైనా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలని చట్టం చెబుతోంది.

రోడ్డు మీద పడి ఉన్న అపరిచితుణ్ణి మీరు తీసుకొచ్చారనుకోండి. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, 2019 మోటారు వాహనాల సవరణ చట్టం మీకు రక్షణగా ఉన్నాయి. పేరు, ఫోన్ నంబరు చెప్పాల్సిన పని లేదు, డబ్బు కట్టమని అడగకూడదు, చేర్పించి వెళ్లిపోవచ్చు.

8. డబ్బు సంగతి

ప్రైవేటు ఆసుపత్రిలో రోగి స్థితి నిలకడకి రాగానే అడ్వాన్స్ మాట వస్తుంది. అప్పటికే ఎవరో ఒకరు బిల్లింగ్ కౌంటర్ పక్కనున్న ఆరోగ్యశ్రీ డెస్కు దగ్గరికి వెళ్లి ఉండాలి. పేదలకి ఉచిత వైద్యం కోసం 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకం ఇప్పుడు తెలంగాణలో ఆరోగ్యశ్రీగా, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పరిమితి 10 లక్షల రూపాయలు. డెస్కులో ఉండే ఆరోగ్యమిత్రకి, ఆంధ్రలో వైద్యమిత్రకి, ఆధార్, కార్డు చూపించండి. అత్యవసర కేసులకి ఫోన్ మీదే అనుమతి తీసుకునే వీలుంది. అన్ని జబ్బులూ, అన్ని ఆసుపత్రులూ దీని కిందకి రావు కాబట్టి "ఈ కేసు వర్తిస్తుందా, ఈ ఆసుపత్రికి ఈ విభాగంలో అనుమతి ఉందా" అని రెండూ అడగాలి. డబ్బు కట్టేసి తర్వాత పథకంలోకి మార్చుకుందాం అనుకుంటే చాలాసార్లు కుదరదు.

రోడ్డు ప్రమాద బాధితులకి 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం ఉంది. ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల దాకా వర్తిస్తుంది. సొంత ఇన్సూరెన్స్ ఉంటే, క్యాష్‌లెస్ అభ్యర్థన మీద కంపెనీ గంటలో నిర్ణయం చెప్పాలని, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. ఆలస్యమైతే ఆ మాట గుర్తు చేయండి.

9. అటెండెంట్లు, చూడ్డానికి వచ్చేవాళ్లు

లోపల ఒక రోగికి ఒక్కరినే ఉండనిస్తారు. మనలో ఒకరికి బాగోలేదంటే ఊరంతా కదిలి వస్తుంది. ఆ ప్రేమ విలువైనది. కానీ పదిమంది మంచం చుట్టూ నిలబడితే నర్సుకి చేయి పెట్టే చోటుండదు, పక్క మంచం రోగికి గాలి ఆడదు. బయట ఉన్నవాళ్లు పనులు పంచుకోండి: ఒకరు మందులు తేవడం, ఒకరు రక్తం ఇచ్చేవాళ్లని పిలవడం, ఒకరు ఇంటికి కబురు చెప్పడం. డాక్టరుతో మాట్లాడే మనిషి మాత్రం ఒక్కరే ఉండాలి. బావగారు ఒకసారి, బాబాయి ఒకసారి, ఫోన్‌లో అమెరికా నుంచి అబ్బాయి ఒకసారి అడిగితే చెప్పే డాక్టరుకి సమయం పోతుంది. చివరికి మీ ఇంట్లోనే మూడు రకాల కథలు తిరుగుతాయి.

చిన్నపిల్లల్ని తీసుకురాకండి. గుండె ఆగిన మనిషికి సీపీఆర్ (ఛాతీ నొక్కి గుండెని మళ్లీ నడిపించే ప్రయత్నం) చేసేటప్పుడు మిమ్మల్ని బయటికి పంపితే వెళ్లండి. డ్యూటీ మారే సమయంలో, పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది ప్రాంతంలో, కొత్తగా వచ్చిన డాక్టరుకి మీ మనిషి కేసు తెలుసా అని ఒకసారి అడగండి. మార్పుల మధ్య సంగతులు జారిపోయేది అప్పుడే.

కోపం వస్తుంది. న్యాయమైన కోపమే కావచ్చు. డ్యూటీ ఆర్ఎంవో (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్), సూపరింటెండెంట్ ఆఫీసు ఉంటాయి, అక్కడ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. చెయ్యి చేసుకుంటే, వైద్య సిబ్బంది మీద దాడుల్ని అడ్డుకునే 2008 నాటి చట్టం కింద మూడేళ్ల దాకా జైలు పడుతుంది. అంతకంటే ముందు, ఆ గొడవ జరిగినంతసేపూ లోపలున్న వాళ్లందరికీ వైద్యం ఆగిపోతుంది, మీ మనిషితో సహా.

10. అక్కడి నుంచి ఎటు

కొందరిని ఏఎంసీ అనే తీవ్ర జబ్బుల వార్డుకో ఐసీయూకో మామూలు వార్డుకో పంపుతారు. కొందరిని ఇంకో ఆసుపత్రికి రెఫర్ చేస్తారు. రెఫర్ చేస్తే కాగితం లేకుండా కదలకండి. ఇప్పటిదాకా ఇచ్చిన మందులు, సమయాలు, పరీక్షల ఫలితాలు అందులో రాసి ఉండాలి. సీటీ ఫిల్ము కూడా అడిగి తీసుకోండి. వెళ్లే చోట బెడ్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోమనండి. ఆక్సిజన్ మీదున్న మనిషిని మామూలు కారులో తీసుకెళ్లకండి.

డాక్టరు వద్దన్నా తీసుకెళ్లిపోతే "వైద్య సలహాకి వ్యతిరేకంగా" అని రాసి సంతకం పెట్టించుకుంటారు. అది మీ హక్కే. డబ్బు లేక వెళ్లిపోవాలనుకుంటే ఆ మాట నేరుగా డాక్టరుకి చెప్పండి. చాలామంది డాక్టర్లు ప్రభుత్వ ఆసుపత్రికి సరైన రెఫరల్ రాసి, అక్కడున్నవాళ్లతో మాట్లాడి పంపుతారు.

ప్రాణం దక్కకపోవచ్చు. అప్పుడు ఆ మాట చెప్పేటప్పుడు డాక్టరుని ఏం జరిగిందని అడిగే హక్కు మీకుంది. ఎంఎల్‌సీ కేసైతే పోస్టుమార్టం తప్పదు. దానికి పోలీసుల కాగితం కావాలి, అందుకే ఆలస్యమవుతుంది. బిల్లు కట్టలేదని మృతదేహాన్ని ఆపడం రోగుల హక్కుల పత్రానికి విరుద్ధం. మృతదేహాన్ని ఉచితంగా ఇంటికి చేర్చే వాహనాలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో వాటిని మహాప్రస్థానం అంటారు.

ఎక్కువమంది మాత్రం మందుల చీటీతో అదే రోజు ఇంటికి వస్తారు. బయటికి వచ్చే ముందు ఏ మాత్ర ఎన్ని రోజులు, తిన్నాకా తినకముందా, పాత మందుల్లో ఏది ఆపాలి, కుట్లు ఎప్పుడు విప్పాలి, ఓపీలో ఏ రోజు ఏ విభాగానికి రావాలి అన్నవి అడిగి చీటీ వెనక తెలుగులో రాసుకోండి. కుక్క కాటైతే తర్వాతి ఇంజెక్షన్ల తేదీలు వేయించుకోండి. మొదటిదాని తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఆ తర్వాత 28వ రోజు దాకా రాసిన డోసులు మానేస్తే రేబిస్ నుంచి పూర్తి రక్షణ ఉండదు. ఆఖరి ప్రశ్న: "ఏం కనిపిస్తే వెంటనే మళ్లీ తీసుకురావాలి?" తల దెబ్బైతే వాంతులు, మగత. డెంగీ అయితే జ్వరం తగ్గాక వచ్చే కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం. ఆ జాబితా డాక్టరు చేతనే చెప్పించుకుని, ఆ రాత్రి రోగి పక్కన పడుకునే మనిషికి కూడా వినిపించండి.